ఇంటాయన అడిగిన పగిడీ

మగ్దలీనమ్మ అరుగు మీద కూర్చొని చేటలో బియ్యం ఏరుతుంటే ఇంటాయన రాజనర్సయ్య దగ్గుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. పొద్దున్నే వచ్చాడంటే కిరాయి మాటే. పంజగుట్ట దిగువ మైదానంలో పెద్ద పోలో పందేలు పెడుతున్నారని తెలిసినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఇళ్లున్న వాళ్లందరి నడకా మారిపోయింది.

"సాలమన్ లేడా చెల్లె?" తడిచేతులతో బయటికొచ్చిన కోడలు నవోమిని అడిగాడు.

"మావారు పాఠాలు చెప్పడానికి బడికెళ్లారండి. ఏంటి అన్నగారూ?"

"ఏం జెప్పాలె! యాడయాడికెల్లో రాజుల గుర్రాలొస్తున్నయి. వాటెంబడి గుర్రాలను సూసుకునె సాయీసులు, లెక్కలు రాసె మున్షీలు. మొగిలయ్య గొడ్ల కొట్టం సుత కిరాయికి పోయింది. నా ఇంటికోసం ఒక మున్షీ రోజూ తిరుగుతుండు. అయినా మీరు పాతోళ్లు. కిరాయి పెంచ. పగిడీ ఇయ్యుండ్రి, మీరే ఉండుండ్రి."

నవోమి ముఖం విప్పారింది. "అంతేనా? తప్పకుండా ఇస్తామండి. మీ హోదాకు తగినదే ఇస్తాం."

రాజనర్సయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "సాలమన్‌ను అడగవా?"

"పెద్దవారికి మర్యాద చేయడానిక్కూడా అడగాలా అండీ!"

"అరె, మస్తు మాటన్నవు! ఇగ ఆ మున్షీని రావద్దంట."

మగ్దలీనమ్మ వేళ్లు బియ్యంలో ఆగిపోయాయి. కోడలు తలపాగా అనుకుంది. తలకు చుట్టుకునేదాన్ని ఇక్కడ రుమాలంటారు. పగిడీ అంటే ఇల్లు అప్పజెప్పడానికి కిరాయి కాక ముందే ఒక్కమొత్తంగా గుంజుకునే సొమ్ము. గుడివాడ నుంచి వచ్చి ఏడాదైనా నిండని పిల్లకు ఆ సంగతి తెలియదు. పిలిచి ఒక్క మాట అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటను ఆమె మింగేసింది.

ఎందుకు మింగిందో ఆమెకు తెలుసు. చర్చిలో స్త్రీల కూటంలో తాను ప్రార్థన చేస్తూ 'కూడా' అనకుండా 'సుత' అన్నప్పుడల్లా కోడలు పెదవి బిగబట్టుకొని నవ్వాపుకుంటుంది. 'మీ కోడలి తెలుగు ఎంత చక్కగుందమ్మా' అంటారు అందరూ. ఒక్కసారి ఈమె కూడా తెలియనిదై నిలబడితే తప్పేంటి? సాయంత్రం కొడుక్కి చెప్పి సర్దుబాటు చేయించవచ్చనుకుంది. సాయంత్రం అతను తలనొప్పని పడుకున్నాడు. మరునాటికి, నిన్ననే ఎందుకు చెప్పలేదంటాడేమోనన్న భయం అడ్డొచ్చింది. ఆ భయం రోజురోజుకూ పెరిగిందే గాని తగ్గలేదు.

ఈలోగా నవోమి తన పెళ్లి పట్టుచీర కొంగు కత్తిరించి అంచు కుట్టసాగింది.

"ఇంటాయనకు పగిడీ అత్తయ్యా. పూర్తయ్యాక మీ అబ్బాయికి చూపిస్తాను. ఎలా ఉంది?"

"మంచిగున్నది" అంది మగ్దలీనమ్మ. అలా అన్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆదివారం చర్చి నుంచి తిరిగొచ్చేసరికి రాజనర్సయ్య అరుగు మీద కూర్చొని ఉన్నాడు.

"ఏం సాలమన్, పగిడీ తయారేనా?"

"ఏం పగిడీ?"

నవోమి గబగబా లోపలికెళ్లి పట్టుగుడ్డను పళ్లెంలో పెట్టి రెండు చేతులా అందించింది. రాజనర్సయ్య దాన్ని వేలితో ఎత్తి చూశాడు.

"గిదేంది? పరాచికమా? పైసలేవి?"

సాలమన్‌కు అప్పుడర్థమైంది. మెడ నరాలు ఉబ్బాయి. "పగిడీ ఇస్తనని మాటిచ్చినవా? నా ఏడాది జీతం వెట్టినా సాలది!"

"తలపాగా అనుకున్నానండీ..."

"తెల్వకుంటె నోరు మూసుకొని ఉండరాదూ! ఊరంత నవ్వుతది."

"నవ్వుడు గాదు, చేతికొచ్చిన బేరం పోగొట్టుకున్న నేను" అన్నాడు రాజనర్సయ్య. "మున్షీని మళ్ల బతిమాలుకోవాలె. వచ్చే ఆదివారానికి ఖాళీ జెయ్యుండ్రి."

"పందేలు అయిపోతె కిరాయిలు దిగుతయి గద. జర ఆగు భాయ్."

"ఎక్కిన కిరాయి దిగుడు నువ్వెన్నడన్న జూసినవా?"

ఆయన వెళ్లిపోయాక సాలమన్ మళ్లీ భార్య మీద పడ్డాడు. ఆమె పళ్లెం పట్టుకొని అలాగే నిలబడి ఉంది. ఇలా నిలబడితే చూడాలనే కదా తాను కోరుకున్నది. మగ్దలీనమ్మ కొడుక్కి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆమెననకు బిడ్డా. ఆయన పగిడీ అడిగినప్పుడు నేనాడనే కూసున్న. అంత ఇన్న. చెప్పలె."

"ఎందుకు చెప్పలె?"

"ఆమె తప్పు వడుతుంటె సూడాలనిపించింది."

సాలమన్ తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "అమీర్‌పేటల ఏదన్న కమ్రా దొరుకుతదేమో సూసొస్త" అని చెప్పులేసుకొని వెళ్లిపోయాడు.

కోడలు ఏడుస్తుందనో, పుట్టింటికి పోతానంటుందనో ఎదురుచూసింది మగ్దలీనమ్మ. నవోమి పళ్లెం కిందపెట్టి ఆమె పక్కన కూలబడింది. ఈ ఇంటికొచ్చాక మొదటిసారి ఆమెను ఒక మాటకు అర్థం అడిగింది.

"కమ్రా అంటే ఏంటి అత్తయ్యా?"

"అర్ర" అంది మగ్దలీనమ్మ.

"అర్ర అంటే?"

మగ్దలీనమ్మ కోడలి భాషలో ఆ మాట కోసం వెతుక్కుంది.

"గది బిడ్డా. ఒక్కటే గది. మనం ముగ్గురం అండ్లనే ఉండాలె."