ఏడో మైలు పలక మీద రెండో పేరు

లీడియా ట్రాయర్‌ని నేను మొదటిసారి చూసినప్పుడు నేల మీద బోర్లా పడి ఉన్నాను.

ఏడో మైలు, ఎనిమిదో మైలు కలిసే రాయి దగ్గర నా సైకిల్ అక్రోటు కాయల కుప్ప మీదికెక్కింది. పచ్చి తొక్కతో నిమ్మకాయంత ఉండే కాయలు. సైకిల్ ఒకవైపు, నేనొకవైపు. తలెత్తి చూస్తే పొడవాటి చీపురు పట్టుకుని ఒక అమ్మాయి.

"దెబ్బ తగిలిందా?" అంది.

"మోకాలికి. ఈ కాయలు ఇక్కడికెలా వచ్చాయి?"

"చెట్టు మీంచి."

"చెట్టు నీ మైల్లో ఉంది. కాయలు నా మైల్లో ఉన్నాయి."

"గాలికి దొర్లుంటాయి."

"దొర్లుకుంటూ వచ్చి కుప్పగా కూర్చున్నాయా?"

ఆమె కుప్ప వైపు చూసింది. చీపురు వైపు చూసింది. "మన ఒహాయో గాలికి శుభ్రత ఎక్కువ" అంది.

మా సైకిల్ దారి ఒకప్పుడు రైలు మార్గం. పట్టాలు పీకేసి తారు వేశారు. ఎల్బర్న్ కాలేజీ దగ్గర మొదలై, మొక్కజొన్న చేల మధ్య నుంచి, ఏటి మీద ఇనప వంతెన దాటి, హాలిస్ కాలేజీ దాకా పద్దెనిమిది మైళ్లు. ఎత్తూపల్లం లేదు కాబట్టి బుల్లి సైకిళ్ల పిల్లల నుంచి ఎనభై ఏళ్ల బామ్మల దాకా అందరూ తొక్కుతారు. ఊడ్చేవాళ్లూ మేమే. ఒక్కో మైలు ఒక్కో కుటుంబం వంతు. ఏ మైలు ఎవరిదో రాయి పక్కన చెక్క పలక మీద పేరు రాసి ఉంటుంది.

నేను క్లీవ్‌లాండ్ నుంచి ఎల్బర్న్ సైకిల్ షాపులో మెకానిక్కుగా వచ్చిన వారానికే మా ఓనరు తన ఎనిమిదో మైలు నా నెత్తిన పెట్టాడు. ఏడో మైలు లీడియాది. హాలిస్ కాలేజీ లైబ్రరీలో పని చేస్తుంది. మనిషి కంటే ముందు మాట వస్తుంది.

ఆ రోజు నుంచి యుద్ధం. శనివారం పొద్దున్నే ఆమె తన ఆకులు నా వైపు తోసేది. ఆమె అటు తిరగ్గానే నేను వాటిని వెనక్కి పంపేవాణ్ని, వడ్డీతో సహా. మధ్యలో అలిసిపోయి, వంతెన మీద కూర్చుని, ఆమె ఫ్లాస్కులో వేడి ఆపిల్ రసం తాగేవాళ్లం. అది తాగుతూ కూడా ఆమె నా చీపురు పట్టడాన్ని వెక్కిరించేది.

"వెండెల్, అది గిటార్ కాదు."

రెండేళ్లు అలా గడిచాయి. నిజం చెప్పాలంటే, వారంలో మిగతా ఆరు రోజులూ నేను శనివారం కోసమే పంక్చర్లు వేశాను. ఆమె అంటే నాకు ప్రాణం. ఆ సంగతి షాపులో సైకిళ్లన్నిటికీ చెప్పాను. ఆమెకు తప్ప.

అక్టోబరు మూడో శనివారం లీడియా ఆకుల జోలికి పోకుండా వంతెన మీద కూర్చుంది.

"వచ్చే బుధవారం వర్మాంట్ వెళ్తున్నా. పాత పుస్తకాల బైండింగ్ నేర్పే చోట సీటొచ్చింది. పది నెలలు."

"మంచిదేగా" అన్నాను. అంతకంటే చేతకాని మాట ప్రపంచంలో ఇంకోటి ఉండదు.

"మంచిదే. కానీ పది నెలలు ఊడవకపోతే మైలు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. అది మా అమ్మమ్మ మైలు." కాసేపు నా మొహం వంక చూసింది. "ఇంకేం చెప్పవా?"

"స్వెట్టర్ మర్చిపోకు. అక్కడ చలెక్కువ."

ఆమె ఫ్లాస్కు మూత గట్టిగా బిగించి వెళ్లిపోయింది. నన్ను నేనే తిట్టుకున్నాను, కానీ లాభం? అప్పుడొక ఆలోచన వచ్చింది. నోటితో చెప్పలేనిది కనీసం పనితో చెబుదామని. తిన్నగా ఎల్బర్న్‌లోని పాత రైలు స్టేషన్‌కి వెళ్లాను. ఈ దారి బాగోగులు చూసే క్లబ్బు రిజిస్టరు అక్కడే ఉంటుంది, అందులో రాసిన పేరే పలకకెక్కుతుంది. ఏడో మైలు పేజీ తీసి, లీడియా పేరు కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. ఆమె వచ్చేదాకా ఆ మైలు నేను ఊడుస్తానని నా ఉద్దేశం.

మర్నాడు ఆదివారం. ఏటా జరిగే కుటుంబాల సైకిల్ యాత్ర. స్టేషన్ ముందు పాన్‌కేకులు, మేపుల్ పాకం, వందమంది జనం. నేను రాగానే పిల్లలంతా బెల్లులు మోగించారు. పాన్‌కేకులు వేసే హేజల్ గారు నా ప్లేట్లో ఆరు పెట్టారు.

"బాగా తిను బాబూ. మా మనవడి సైకిల్ వెనక తగిలించే బండి ఉంది. మీ పిల్లలకి పనికొస్తుంది."

ఆలూ లేదు, చూలూ లేదు, నాకు పిల్లల బండి ఎందుకో అర్థం కాలేదు. పాకం కారుతుండగా అడిగాను. "ఎవరి పిల్లలకండీ?"

"ఇంకెవరికి? పలక మీద రెండో పేరు నీదేనటగా. ఈ దారి మీద నిశ్చితార్థం అంటే అదే కదయ్యా. నా పేరు మా ఆయన పేరు కింద అలాగే ఎక్కింది."

పాన్‌కేకు చేతిలోనే ఉండిపోయింది. రెండేసి పేర్లున్న పలకలు ఎన్నో చూశాను. ఇద్దరు కలిసి ఊడుస్తారు కాబోలు అనుకున్నానే తప్ప, ఎందుకు కలిసి ఊడుస్తారో ఆలోచించలేదు.

సైకిలెక్కి ఏడు మైళ్లు ఎలా తొక్కానో తెలియదు. ముందున్న ప్రతి కుటుంబానికీ "ఎడమ నుంచి వస్తున్నా" అని కేక పెడుతుంటే, వాళ్లు పక్కకి జరిగి "అభినందనలు" అంటున్నారు.

ఏడో మైలు పలక దగ్గర ఆర్లో గారు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. లీడియా తాతగారు, ఒకప్పటి రైల్వే గార్డు, క్లబ్బుకి పెద్ద. చేతిలో తెల్ల రంగు కుంచె. నా పేరు అప్పుడే పూర్తయింది. పక్కన లీడియా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"రా," అంది. "క్లబ్బులో అందరికీ చెప్పావు. హేజల్ గారికి చెప్పావు. మా తాతకి చెప్పావు. నాకెందుకులే అనుకున్నావా?"

"లీడియా, నాకు ఆ ఆచారం తెలీదు. నీ మైలు పోకూడదని రాశా. అంతే."

"అంతేనా?"

ఆ ఒక్క మాటలో వెక్కిరింత లేదు. రెండేళ్లలో అదే మొదటిసారి. ఆర్లో గారు జేబులోంచి గుడ్డ తీశారు.

"రంగు ఇంకా పచ్చిగానే ఉంది, అబ్బాయ్. పొరపాటైతే ఇప్పుడే చెప్పు, తుడిచేస్తా. ఎండలో పావుగంటకి ఆరిపోతుంది."

లీడియా ఆయన చేతిలోంచి ఆ గుడ్డ తీసుకుంది. ఇప్పుడు కూడా స్వెట్టర్ గురించి మాట్లాడితే నా అంత వెధవ ఇంకొకడుండడు.

"తుడవొద్దు" అన్నాను. "రాసింది పొరపాటున. అందులో ఉన్న మాట మాత్రం నిజం. నువ్వంటే నాకిష్టం. చాలా ఇష్టం. నువ్వు వర్మాంట్ వెళ్లి చక్కగా నేర్చుకో, నేను ఆపను. తిరిగొచ్చాక నన్ను పెళ్లి చేసుకుంటావా?"

వెనక పిల్లల బండి తగిలించిన సైకిలొకటి ఆగింది. దాని వెనక ఇంకోటి. ఇంకోటి. దారి మొత్తం ట్రాఫిక్ ఆగిపోయింది.

"ముప్పై ఏళ్లు గార్డుగా చేశా," అన్నారు ఆర్లో గారు, ఎవరితోనో చెబుతున్నట్టు. "ఇంత ఆలస్యంగా నడిచిన బండిని చూడలేదు. అయినా వచ్చింది, సంతోషం. నాకు ఇష్టమేనమ్మా. ఇక నీ ఇష్టం."

లీడియా నన్ను చూసింది. కళ్లలో నీళ్లున్నాయి, పెదవుల మీద నవ్వుంది. చేతిలోని గుడ్డని మడిచి తన కోటు జేబులో పెట్టుకుంది.

"ఆరనీ తాతా" అంది.