తేదీ లేని పత్రిక

తమిళనాడులోని ధర్మపురి బస్టాండు ఎదురుగా ఉన్న పెళ్లి పత్రికల షాపులో గోకుల్ గీసిన ఫాంట్‌కు మంచి గిరాకీ. నిలువు గీత లావు, అడ్డ గీత సన్నం, చివర్న తీగలా సాగే తోక. చెవులు కుట్టించే కార్డు నుంచి బేకరీ బోర్డు దాకా అందరికీ తమిళంలోనో ఇంగ్లీషులోనో ఆ వంపులే కావాలి.

అయితే దాన్ని ముందుగా తెలుగులో గీశాడని ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఊరినిండా ఉన్నారు, చదివేవాళ్లే లేరు. ఆ ధైర్యంతోనే గోడమీది తెలుగు శాంపుల్ పత్రికలో తన పేరు పక్కన కీర్తిక పేరు వేసి పెట్టాడు. ఆమె రెండేళ్లు ఈ కౌంటర్లోనే కూర్చుని, ఎనిమిది నెలల కిందట హోసూరు కంపెనీలో పనికి వెళ్లిపోయింది. వెళ్లే రోజు అతనికి నోరు పెగల్లేదు. అప్పట్నుంచి ఆమె ఊరు కడత్తూరు బస్సు ఆగినప్పుడల్లా తలెత్తి చూడటమే పని.

ఆ సాయంత్రం జల్లు పడుతుండగా కీర్తికే దిగింది, వెంట వాళ్ల అవ్వ పాపక్క.

"అక్క పెళ్లి పత్రిక. మొత్తం నీ ఫాంట్‌లోనే వెయ్యి," అంది కీర్తిక.

"పేర్లకు మట్టుకే. మండపం అడ్రసుకూ వేస్తే చదవలేక మీ చుట్టాలు వేరే పెళ్లిలో భోంచేస్తారు."

"నీ వాయి, నీ ఎగతాళి ఇంకా తగ్గలేదు! మళ్లా వస్తాలే. పైనెల నాకూ పెళ్లికి మాప్పిళ్లను చూస్తారంట." ఆ మాట అతని వైపు చూడకుండా అంది.

గోకుల్ చేతిలో మౌస్ ఆగిపోయింది.

పాపక్క గోడ దగ్గరికి పోయి కళ్లజోడు సర్దుకుంది. "గో...కుల్. కీ...ర్తి...క."

"అవ్వా, నీకు తెలుగు చదవను వస్తుందా?" గోకుల్ కుర్చీలోంచి లేచాడు.

"కుప్పంలో పుట్టినదాన్నిరా. ఐదు దాకా సదివినాను. ఇన్నేళ్లలో ఒకరూ అడగలేదు."

"శాంపుల్‌లో ఉత్తుత్తి పేర్లు కదా వేసేది?" కీర్తిక నెమ్మదిగా అడిగింది.

"ఇవి ఉత్తుత్తివి కాదు. నువ్వు పోయిన దినమే వేసినాను. నువ్వంటే నాకు ప్రాణం."

"ఎనిమిది నెలలు గోడకు చెప్పినావా? దినమూ ఫోను చూసుకుంటా కూర్చున్నాను నేను!" ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

పాపక్క పత్రికను గోడనుంచి తీసి వేలితో తడిమింది. "పేర్లు బాగా కుదిరినాయి. తేదీ చోటు యేల ఖాళీగా విడిచినావు?"

కీర్తిక ఆ పత్రికను అందుకుని తన సంచిలో పెట్టుకుంది.

"పైనెల ఎవురూ రావద్దు అవ్వా. నాయనను అడిగి తేదీ నేనే రాసుకొస్తాను."