ఆరు గంటల బిందె

"నా చేనుకు నువ్వు మార్కులేసుడేంది సారూ?"

నిషిత నాతో అన్న మొదటి మాట ఇది. చేతిలో కొడవలి కూడా ఉంది కాబట్టి రెండడుగులు వెనక్కి వేశాకే జవాబిచ్చాను.

"మార్కులు కాదండీ, సెన్సర్. వేళ్ల దగ్గర తడి ఎంతుందో ఫోన్‌లో చూపిస్తుంది. చాలితే పచ్చ చుక్క, చాలకపోతే ఎర్ర చుక్క."

"అందరి ఫోన్లల్ల కనిపిస్తదా?"

"సెన్సర్లు పెట్టించుకున్న మన బ్యాచ్‌లో పన్నెండు మంది రైతులూ చూడొచ్చు."

"గవే మార్కులంటే!" అని మూతి తిప్పుకుంది. తిట్టించుకుంటున్నవాణ్ని అంత సంతోషపడకూడదు గానీ, పడ్డాను.

నా పేరు మురళీమోహన్. చేలల్లో ఈ సెన్సర్లు పాతి చూసుకోవడం నా ఉద్యోగం. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన నాన్న అమీన్‌పూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మట్టి గురించి నాకు తెలిసిందంతా ల్యాప్‌టాప్‌లోదే.

ఇస్నాపూర్ అవతల వాళ్ల రెండెకరాల్లో నిషితది ఎకరం టమాట చేను. వాళ్ల నాన్న నర్సింహ ఫ్యాక్టరీ షిఫ్టులకు వెళ్తూ ఒక్క పంట గడువిచ్చి ఆమెకు అప్పగించాడు. నెగ్గితే సేద్యం ఆమెదే. లేకపోతే చేను కౌలుకు, ఆమె ప్యాకింగ్ పనికి. ఆడపిల్ల సేద్యమా అని నవ్వేవాళ్లలో పక్క చేను ఎల్లయ్య అందరికంటే ముందుంటాడు.

సెన్సర్ పాతాక మూడు వారాలూ ఆమె చుక్క పచ్చగానే ఉంది. వెళ్లి చూస్తే మొక్కలు మాత్రం వాడిపోతున్నాయి! నాకు బుర్ర తిరిగిపోయింది. రికార్డు తీసి చూస్తే, రోజూ ఉదయం ఆరింటికి తడి ఒక్కసారిగా పెరుగుతోంది. కరెంటు లేక మోటారు నడవని రోజు కూడా.

మర్నాడు ఆరింటికే వెళ్లాను. నిషిత సెన్సర్ పాతినచోట బిందెడు నీళ్లు పోస్తోంది, పసిపిల్లకు స్నానం చేయించినంత జాగ్రత్తగా.

"నిషిత గారూ!"

బిందె జారింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు మాత్రం తగ్గలేదు. "ఎర్రగ చూపిస్తే ఎల్లయ్య పెద్దనాయిన ఊరంత చెప్తడు. నాయిన ఇజ్జత్ పోతది. నేనేం చెయ్యాలె?"

"ఎర్ర చుక్క తిట్టు కాదండీ. ఎక్కడ చూడాలో చెబుతుంది, అంతే. నేనెవరికీ చెప్పను."

నాలుగు రోజులకు రైతు వేదికలో సమావేశం జరిగింది. సెన్సర్లు ఉంచాలా, తీసేయాలా అన్నదే చర్చ.

ఎల్లయ్య లేచాడు. "ఫోన్ల పచ్చగుంటది, చేన్ల ఎండుతుంటది. నర్సింహ బిడ్డ చేను సూసిన గద. ఈ మిషన్లు వాపస్ తీస్కపోండ్రి!"

అందరూ నావైపు తిరిగారు. సెన్సర్ పాడైందని చెప్పేస్తే ఆమె పరువు దక్కుతుంది. నోరు తెరిచాను.

"మిషన్ ఖరాబ్ కాలే." నిషిత నిలబడింది. వెనక వరుసలో, షిఫ్టు దిగి యూనిఫాంతోనే వచ్చిన నర్సింహ తలెత్తాడు. "నేనే దినాం పొద్దుగాల దాని కాడ బిందెడు నీళ్లు పోసిన. నవ్వుతరని పోసిన. నాలుగు దినాల కింద బంద్ చేసిన. ఎర్రగైంది. తవ్వి చూస్తే డ్రిప్పు పైపు రంధ్రాలన్నీ మట్టితోని మూస్కపోయినయ్. ఒక్కొక్కటి సాఫ్ చేసిన. ఇగ చూడుండ్రి!"

ఫోన్ పైకెత్తి పట్టుకుంది. పచ్చ చుక్క. ఈసారి నిజంది.

గర్వంతో నా ఛాతీ ఉబ్బింది. ఆ గర్వంలో నాకేం వాటా ఉందని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాణ్ని.

నర్సింహ కళ్లు తుడుచుకున్నాడు. "వచ్చే పంటకు రెండో ఎకరం గూడ నువ్వే చూస్కో బిడ్డా."

ఎల్లయ్య తల గోక్కున్నాడు. "మా పైపులు గూడ జెర సూసిపో బిడ్డా. మిషన్లు ఉండనీయుండ్రి."

బయట చినుకులు మొదలయ్యాయి. బైక్ దగ్గర నిషిత నన్ను ఆపేసింది.

"నాకోసం అబద్ధం చెప్తుంటివి గదా? ఇగ నిజం చెప్పు. మా చేనుకు ఎన్నిసార్లొచ్చినవ్?"

"పని ఉన్నప్పుడల్లా."

ఫోన్ నా ముక్కు ముందు పెట్టింది. "నువ్వు మిషన్ చెక్ చేసిన ప్రతిసారి ఈడ తారీఖు పడుతది. తక్కిన చేన్లకు రెండేసి సార్లు. నా చేనుకు తొమ్మిది!"

నేను పాతిన సెన్సరే నన్ను పట్టించింది. ఇంకేం దాచను?

"మీరంటే ఇష్టం నిషితా. చాలా ఇష్టం."

"ఎరుకే. ఎన్నో దినాల సంది చూస్తున్న," అంది, వానలో తడుస్తూ నవ్వుతూ. "రేపు ఆయితారం. నాయిన ఇంటికాడనే ఉంటడు. పదోసారి చేనుకు కాదు, ఇంటికి రా."