గొట్టం మీది పేరు

మిట్టమధ్యాహ్నం... సంపూర్ణ సూర్యగ్రహణం! పట్టపగలే కటిక చీకటి! ఫెళఫెళమని పిడుగు పడింది. తుపాకుల కార్ఖానా దూలం మీద గుడ్లగూబ వికృతంగా అరిచింది...

మూతిలోంచి మందు దట్టించే తుపాకులు రాజ్యమేలిన కాలమది. కొలిమి ముందు ఒక కపాలం, దాని పక్కనే ఆ తుపాకీ! ఆహా, ఏమి పనితనం! ఇనుమునూ ఉక్కునూ మెలిపెట్టి, కాల్చి, సాగగొట్టిన ఎనిమిది పలకల గొట్టం... ఒంటినిండా నీటి అలల్లాంటి చారలు! భుజానికి ఆనించే మడమ మీద వెండి తీగతో పొదిగిన లతలు! తమ్ముడు నిద్రాహారాలు మాని చేసిన తుపాకీ అది.

ఆ తమ్ముణ్ణే అన్న స్తంభానికి కట్టేశాడు! అమ్మానాన్నలు పోయాక ఎత్తుకు పెంచిన అన్న... ఆకురాయి పట్టడం నేర్పిన అన్న... చాటుగా క్షుద్రోపాసన చేస్తున్నాడని ఎవరికి తెలుసు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు!

"ఏంట్రా ఆ చూపు? చేసినవాడి ప్రాణం ఇందులో బంధిస్తే ఇక దీని గురి తప్పదు. చచ్చినా నీ తుపాకీలోనే ఉంటావుగా, అదృష్టవంతుడివి!" అన్న పకపకా నవ్వాడు.

తమ్ముడి చూపు గొట్టం మీద ఆగిపోయింది. తన పేరు చెక్కిన చోట అన్న పేరు! చావు భయం కన్నా అదే వాణ్ణి ఎక్కువ కోసింది.

"అన్నయ్యా... నా పేరు కూడా మిగల్చలేదా?"

"నీ పేరెవడికి తెలుసురా? నా పేరుంటేనే కొనేవాళ్లకి నమ్మకం!"

"హ్రీం... ఫట్!" అన్న ఆ కపాలంలోకి కోడి నెత్తురు ఒంపాడు. ఇందాక అడ్డొచ్చి, అన్న తోస్తే మూల స్పృహతప్పి పడున్న తమ్ముడి భార్య దిగ్గున లేచింది! విరబోసుకున్న జుట్టు... చింతనిప్పుల్లాంటి కళ్లు... ఆమె గొంతులోంచి అన్న ఉపాసించే మహాశక్తి గర్జించింది.

"దీన్ని చేసిందెవరు?"

"వాడే! తీసుకో తల్లీ!"

ఆమె వేలు గొట్టం మీది అక్షరాలను తడిమింది. "నీ పేరుందే!"

అన్నకు ముచ్చెమటలు పోశాయి. "అది... అది అబద్ధం తల్లీ! నేనే చెక్కుకున్నా! నాకింత పని చేతకాదు! నా తమ్ముడి చేతిలో ఉన్న విద్య నా దగ్గర లేదు! మొత్తం వాడే చేశాడు... వాణ్ణే తీసుకో!"

తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. అన్న నోట ఈ మాట వినాలని ఎన్నేళ్లు ఎదురుచూశాడు! తీరా విన్నది తనను చంపించడానికా!

"పేరు నీకు, చావు వాడికా? చెల్లదు, ద్రోహీ!"

భూమి కంపించింది. కొలిమి భగ్గుమంది! కెవ్వుమని కేక... అన్న దేహం బూడిదై, సుడులు తిరుగుతూ ఆ గొట్టంలోకి దూరిపోయింది!

గ్రహణం విడిచింది. తెలివొచ్చిన భార్య గబగబా కట్లు విప్పింది. "ఏమైందండీ? బావగారేరి?"

తమ్ముడు బావురుమన్నాడు.

"మా అన్నయ్య... మొదటిసారి నా పని మెచ్చుకున్నాడే!"