దోనె వంపు

ఓయివా రెండో కప్పు కాఫీ వద్దన్నాడు.

తైమి కాఫీ పాత్ర గాల్లోనే పట్టుకుని నిలబడిపోయింది. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆ మనిషి రెండో కప్పు వద్దన్నది ఒకే ఒక్కసారి, అదీ పక్షవాతం వచ్చిన రోజు పొద్దున. వంగి మొహంలోకి చూసింది. మూతి వంకర పోలేదు, కళ్ళు బాగానే ఉన్నాయి, మాటా స్పష్టంగానే ఉంది. అయితే అన్న మాటే బాగాలేదు.

"దోనె ఎవరికైనా ఇచ్చెయ్ తైమీ," అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. "మిన్నాకి ఫోన్ చేసి, ఐవలోలో ఆ వృద్ధాశ్రమం కాగితాలు తెమ్మను. సంతకం పెట్టేస్తాను. ఇక వాగుకి వెళ్ళేది లేదు."

"జులై నెలలోనా?"

"జులై అయితే ఏంటి, జనవరి అయితే ఏంటి... పోయింది. నాకు పోయింది."

చెప్పండి, ఈ మాట కోసం ఆ ఇల్లాలు రెండేళ్ళుగా ఎంత తపించిందని! ఎన్ని ఏడుపులు, ఎన్ని అలకలు, కారు తాళాలు పిండి డబ్బాలో దాచిన రోజులెన్ని! తీరా ఆ మాట తనంతట తానే ఇంట్లోకి నడిచొచ్చి బల్ల ముందు కూర్చుంటే, ఆమెకి సంతోషం రాలేదు సరికదా, పాత్ర ఆయన నెత్తిన బోర్లించాలన్నంత కోపం వచ్చింది. వెళ్తానన్నప్పుడూ సాధించాడు, వెళ్ళనని కూడా సాధిస్తున్నాడు... ఈ మనిషితో ఎలా వేగాలి?

ఓయివాది బంగారం కడిగే సరదా. ఫిన్నిష్ ఉత్తర సీమలో, ఇనారి చుట్టుపక్కల అది లేని మగాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దోనె అంటే బారెడు పొడవున్న రేకు తొట్టి, అంతే. దాన్ని వాగులో పెడితే నీళ్ళు అందులోంచి పారతాయి. పైనుంచి కంకరమట్టి పోస్తే రాళ్ళూ ఇసుకా కొట్టుకుపోతాయి, బరువైన బంగారం అడుగున అడ్డపట్టీల వెనక, గరుకు చాపలో ఆగుతుంది. పేరుకి బంగారమే గానీ వేసవంతా కడిగితే వచ్చేది చిటికెడు. ఆ చిటికెడు కోసం ఓయివా ముప్ఫై ఏళ్ళుగా రీకో వాగులో దోమలకి విందు చేస్తున్నాడు.

పక్షవాతం వచ్చాక ఎడమ చెయ్యి చెప్పిన మాట వినడం మానేసింది. కుడి మోకాలికి ఆపరేషన్ చేస్తే అది కర్రలా బిగుసుకుపోయి మడవనంది. వంగలేడు, గొంతు కూర్చోలేడు. అయినా సరే వాగు వాగే! కాళ్ళు కోసి పొట్టిది చేసిన ప్లాస్టిక్ కుర్చీ నీటి అంచున వేయించుకుని, చేట పట్టుకుని కూర్చుని, ఒక్క చేత్తో దోనెలోకి మట్టి పోస్తాడు. మరి ఆ మట్టి తవ్వేదెవరు? తైమి. బకెట్లు మోసేదెవరు? తైమి. నీళ్ళలో దిగి దోనె పెట్టేది, చాప దులిపేది, పళ్ళెంలో కడిగేది ఎవరు? వేరే చెప్పాలా... సరదా ఆయనది, నడుము ఆమెది. ఇంత చేసినా పైనుంచి పెత్తనం ఒకటి. "అక్కడ కాదే, ఆ రాయి వెనక తవ్వు. కుడికి జరుగు. నీ కుడి కాదు, వాగు కుడి." వాగుకి కుడీ ఎడమా ఏమిటో ఆయనకే తెలియాలి!

అయినా ఆమె అదంతా భరించింది. భరించలేనిది వేరే ఉంది. అటు పోయిన ఏడాది ఆగస్టులో ఆమె ఒడ్డు మీద బకెట్ నింపుతుండగా ఆయన కుర్చీలోంచి లేచి, దోనె సర్దబోయి, జారి పక్కనున్న మడుగులో పడ్డాడు. తిరిగి చూస్తే కుర్చీ ఉంది, మనిషి లేడు. నల్లటి నీళ్ళు ఏమీ జరగనట్టు పారుతున్నాయి. ఆమె ఎలా పరిగెత్తిందో, ఏ చోట చొక్కా చేతికి దొరికిందో, అంత బరువుని ఎలా లాగిందో ఇప్పటికీ తెలియదు. ఆయన దగ్గి, కక్కి, ఊపిరి తీసుకుని, నవ్వాడు. దుకాణం దగ్గర అందరికీ చెప్పుకున్నాడు కూడా, "అర నిమిషం మునిగానంతే, చేపలు నా మొహం చూసి జడుసుకున్నాయి," అని. అందరూ నవ్వారు. తైమి కూడా నవ్వింది. ఆ నవ్వు తర్వాత నెల్లాళ్ళు ఆమెకి నిద్ర లేదు.

బతిమాలింది. వినలేదు. డాక్టరుతో చెప్పిస్తే, ఆవిడ కాస్తా "ఆరుబయట తిరగడం మంచిదే," అని ఆయన పక్షం చేరింది. దాంతో పోయిన వేసవి మొదట్లో తైమి ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. దోనె పెట్టేటప్పుడు నీళ్ళు వచ్చే తల వైపు రెండు వేళ్ళ ఎత్తు పెంచింది.

అంతే. రెండు వేళ్ళు. దోనె వంపు ఎక్కువైతే నీళ్ళు ఉరికి, రాళ్ళతో పాటు బంగారాన్నీ ఊడ్చుకుపోతాయి. ఓయివా కూర్చున్న చోటి నుంచి ఆ తేడా కనబడదు. "దోనె కింద పడ్డ కుప్ప కడిగి చూశావా?" అని రోజూ అడిగేవాడు. బంగారం జారిపోతోందో లేదో తెలిసేది అక్కడే. దానికి గొంతు కూర్చుని పళ్ళెం తిప్పాలి, అది ఆయన వల్ల కాదు. "చూశాను, ఏమీ లేదు," అనేది తైమి. చూసేది కాదు. పది రోజులు ఖాళీ చాప చూస్తే విసుగొచ్చి మానేస్తాడు, ఇంట్లో కూర్చుని వలలు అల్లుకుంటాడు, తాను హాయిగా నిద్రపోవచ్చు... ఇదీ ఆమె లెక్క.

మానలేదు మొండి మనిషి. పోయిన వేసవంతా ఖాళీ. ఈ వేసవి సగం ఖాళీ. విసుగు రావాల్సిన చోట ఇంకేదో వచ్చింది. సాయంత్రం చాప దులిపిన నీళ్ళలోకి భూతద్దంతో చూసి, తర్వాత తన చేతుల వంక చూసుకునేవాడు. చేతి వ్యాయామం మానేశాడు. పేపరు చదవడం మానేశాడు. ఈ పొద్దున రెండో కప్పు కాఫీ కూడా మానేశాడు.

కూతురు మిన్నా శనివారం రొవానియెమి నుంచి కాగితాలతో దిగింది. తల్లిని గట్టిగా కావలించుకుంది.

"గెలిచావు అమ్మా. మూడేళ్ళ నుంచి నేను నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినలేదు. ఏం మంత్రం వేశావు?"

"నోర్ముయ్," అంది తైమి.

"అదేంటమ్మా?"

"చేప మాడుతోంది చూడు," అని అటు తిరిగిపోయింది తైమి. చేప మాడడం లేదు.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాలు సానాలో, అదే ఆవిరి స్నానాల గదిలో, పై బల్ల మీద కూర్చున్నారు. పొయ్యి మీద రాళ్ళు కాగి ఉన్నాయి. వారం వారం కూర్చునే చోటే. అక్కడ మాట్లాడుకునే అలవాటు ఇద్దరికీ లేదు. ఆ రోజు ఓయివాయే మొదలుపెట్టాడు.

"ఈ వేసవి నువ్వు నన్ను ఒక్కసారీ తిట్టలేదే."

"ఎందుకు తిట్టాలి?"

"ఎక్కడ తవ్వమంటే అక్కడ తవ్వావు. ఇన్ని బకెట్లు మోశావు. ఒక్క రేణువు చూపించలేకపోయాను నీకు." ఎడమ చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. "చెయ్యి పోయినప్పుడు నేను ఏడవలేదు తైమీ. కాలు మడవనన్నా సర్దుకున్నాను. వాగు చూస్తే తెలిసేది నాకు, ఎక్కడ అలిసిపోతుందో, ఎక్కడ బరువు దించుకుంటుందో... ఆ చూపు కూడా పోయింది. తలలో ఇంకేమేం పోయాయో ఎవరికి తెలుసు. నీకు పూర్తిగా బరువైపోకముందే ఎక్కడో చోట చేరిపోతాను."

తైమి గరిటెడు నీళ్ళు తీసి రాళ్ళ మీద కుమ్మరించింది. చుయ్‌మని ఆవిరి లేచి ఇద్దరి చెవులూ చుర్రుమన్నాయి. ఇంకో గరిటె పోసింది. ఇంకోటి.

"చంపుతావా ఏంటే?"

"నీ చూపుకేమీ రాలేదు," అంది తైమి. "దోనె నేనే ఎత్తుగా పెట్టాను. రెండు వేళ్ళు. పోయిన వేసవి నుంచీ. కింది కుప్ప ఒక్కరోజు కూడా కడిగి చూడలేదు. అబద్ధం చెప్పాను. అంతా అబద్ధమే."

ఓయివా ఆవిరి తగ్గాక చెయ్యి చాపాడు.

"పట్టుకో."

"ఎందుకు?"

"కిందికి దిగాలి. కోపంగా బయటికి వెళ్ళాలి."

ఆమె చెయ్యిచ్చింది. భుజం కూడా ఇచ్చింది. మూడు మెట్లూ దింపి, తుండు కప్పి, కర్ర చేతికందించి, తలుపు తీసి పట్టుకుంది. అప్పుడు ఓయివా కోపంగా బయటికి వెళ్ళాడు.

రెండు రోజులు మాట లేదు. ఫిన్నిష్ మగాడి మౌనం మామూలుగానే మోయలేనిది, అందులో కోపం కూడా కలిస్తే ఇక ఇంట్లో గడియారం చప్పుడు కూడా తిట్టినట్టే వినిపిస్తుంది. సంగతి తెలిసిన మిన్నా తల్లిని పట్టుకుని, "నాకైనా చెప్పకపోయావా," అంది. "చెప్తే నువ్వు ఇంకో రెండు వేళ్ళు పెంచమనేదానివి," అంది తైమి. మిన్నా కాదనలేదు.

మూడో రోజు ఓయివా రబ్బరు బూట్లు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "కారు తియ్యి మిన్నా," అన్నాడు. పెళ్ళాం వంక చూడలేదు గానీ ఆమె ఎక్కేదాకా తలుపు మూయనివ్వలేదు.

రీకో వాగు దగ్గర ఈ వేసవి కడిగిన కుప్ప ఉంది, మోకాలెత్తున. ఓయివా కుర్చీలో కూర్చుని కర్రతో చూపించాడు. తైమి అడుగు నుంచి ఒక పారెడు పళ్ళెంలో వేసుకుని, నీటి అంచున గొంతు కూర్చుని తిప్పింది. రాళ్ళు పోయాయి, ఇసుక పోయింది, చివరికి నల్లటి పొడి మిగిలింది. దాన్ని మెల్లగా వెనక్కి జార్చింది. పళ్ళెం అంచున పచ్చగా, సన్నగా, వంపు తిరిగి... ఎనిమిదో పదో రేణువులు!

పళ్ళెం ఆయన ఒళ్ళో పెట్టింది. ఓయివా భూతద్దం తియ్యలేదు. అవసరం లేకపోయింది.

"అయితే ఆ రాయి వెనక ఉందన్నమాట," అన్నాడు.

"ఉంది. నువ్వు చెప్పిన చోటల్లా ఉంది."

మంచి చేత్తో కళ్ళు కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని కూతురికి తెలియకూడదని గాబోలు, దోమల్ని తిట్టాడు. తర్వాత తలెత్తి, మూడు రోజుల్లో మొదటిసారి ఆమెని సూటిగా చూశాడు.

"పోయినేటి కుప్ప ఏదే? వసంతం వరదకి పోయింది. దాన్ని నువ్వు తెచ్చివ్వలేవు. నా చేతిలో ఇంకెన్ని వేసవులున్నాయనుకున్నావు, ఒకటి పారబొయ్యడానికి?"

తైమి తన దగ్గర ఉన్నదొక్కటే చెప్పింది.

"అర నిమిషం కాదు నువ్వు మునిగింది. నేను వెతికాను. ఒకసారి దొరికి జారిపోయావు. మళ్ళీ వెతికాను. అప్పటికే విధవనైపోయాననుకున్నాను ఓయివా. నువ్వు లేచి జోకులేశావు. నేను ఇప్పటికీ ఆ నీళ్ళలోనే ఉన్నాను."

ఒడ్డు మీద మిన్నా కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని అమ్మనీ నాన్ననీ మార్చి మార్చి చూసింది. ఆమెకీ ఈ మాట కొత్తే.

"నాకు చెప్పలేదే," అన్నాడు ఓయివా.

"అందరూ నవ్వుతుంటే ఎలా చెప్పను?"

ఆయన కర్ర ఊతంతో లేచాడు. "దోనె తీసుకురా. ఈ కుప్పంతా మళ్ళీ కడగాలి. ఈసారి దోనె నేను పెడతాను."

"కుదరదు గాక కుదరదు. నేను పెడతాను. సరిగ్గా పెడతాను, ఒట్టు."

"నువ్వు పెడితే నేను నమ్మను తైమీ."

ఆ మాట ఆమెకి చెంప మీద కొట్టినట్టు తగిలింది. నిజమే, నమ్మడు. నమ్మమని అడిగే మొహం తనకెక్కడుంది?

"నాన్నా, నీకేమైనా పిచ్చా? ఆ కాలుతో నీళ్ళలోకా?" అని మిన్నా లేవబోయింది. "నువ్వు కూర్చో," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

దిగారు. మోకాలి లోతు, ఎముకలు కొరికే చలి. తైమి వెనక నిలబడి, రెండు చేతులతో ఆయన బెల్టు పట్టుకుని, కాళ్ళు రాళ్ళ మధ్య తన్నిపెట్టింది. ఆయన బిగుసుకుపోయిన కాలు వెనక్కి చాచి, బరువంతా ఆమె చేతులకి వదిలి, ముందుకి ఒరిగాడు. మంచి చేత్తో దోనె తల ఎత్తి, మాట వినని చేత్తో కింద రాయి నెట్టబోయాడు. జారింది. మళ్ళీ నెట్టాడు. మళ్ళీ జారింది. ఆమె భుజాలు పీకుతున్నాయి, నోరు మాత్రం ఆగలేదు. "రాయి అటు కాదు... ముందు పాదం ఆనించు... ఇంత బరువేంటయ్యా బాబూ, తిన్నదంతా ఎక్కడ దాస్తున్నావు..."

"ఒక్క రేణువు ఆగకుండా రెండు వేసవులు," అని గొణిగాడు ఓయివా నీళ్ళకేసి వంగి. "ఇక్కడ ఎవడికీ చేతకాదు అంత ఖచ్చితంగా పెట్టడం."

"పొగుడుతున్నావా, తిడుతున్నావా?"

"తిడుతున్నాను."

ఇంకో రాయి దొరికింది. అదీ నప్పలేదు.

"ఇలా పట్టుకోమని ఆ రోజే అడిగితే నీ సొమ్మేం పోయేది?" అంది తైమి. కళ్ళ నీళ్ళు బుగ్గల మీంచి జారుతున్నా తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"పట్టుకుంటానని నువ్వు అనొచ్చుగా."

ఆమె బెల్టు ఇంకాస్త బిగించి పట్టుకుంది.

"అమ్మా, ఇంకెంతసేపు?" అని మిన్నా ఒడ్డు మీంచి అరిచింది.

"మీ నాన్నకి నచ్చేదాకా," అంది తైమి.