లోర్నా మద్దతు ఎవరికి?

"ఇవాళ సాయంత్రం మిల్వాకీ సభలో లోర్నా హాస్కెట్ ప్రెసిడెంట్ అభ్యర్థి కోల్‌క్విట్ మీద ఒక వీడియో చూపించబోతోంది. అది ఫేక్. ఆపాలి," అన్నాడు నిఘా విభాగం చీఫ్ మెరిక్.

"ఆవిడకే చెప్పొచ్చుగా సార్?" అంది ఏజెంట్ జూన్ టెస్లర్.

"చెప్పాం. కోల్‌క్విట్ పంపాడా అంటూ మొహం మీదే తలుపేసింది."

కోపం ఉండదా మరి! మాజీ గవర్నర్ లోర్నా, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఓడింది కోల్‌క్విట్ చేతిలోనే. పోలింగ్‌కు ముందు, ఆమె భర్త వాల్టర్ లంచం తీసుకుంటున్నట్టు ఒక వీడియో బయటికొచ్చింది. అది అబద్ధమని తేలేలోపే వాల్టర్ గుండె ఆగిపోయింది. అదంతా కోల్‌క్విట్ పనేనని లోర్నా నమ్మింది. అతను సొంత పార్టీ అభ్యర్థే అయినా సరే, ముంచి తీరతానని, అవతలి పార్టీ ఆస్ట్రాండర్‌ని ప్రెసిడెంట్‌ని చేస్తానని ఒట్టు పెట్టుకుంది. ఆమె ఓట్లు ఎటు ఒరిగితే విస్కాన్సిన్ రాష్ట్రం అటే.

ఆ మంటకి గాలి కొడుతున్నది లోర్నా మీడియా సలహాదారు సబీన్ రోర్క్. ముత్యాల దండ, మత్తెక్కించే గొంతు. మెరిక్ ఆఫీసుకి కబుర్లు అమ్ముతూనే, ఎన్నికల్లో చిచ్చు పెట్టే విదేశీ ముఠా దగ్గర జీతం తీసుకునేది. మెరిక్‌కి అనుమానమే తప్ప రుజువు లేదు.

జూన్ సభకు సైగల భాష అనువాదకురాలిగా వెళ్ళింది. లోర్నా తమ్ముడికి వినపడదు, అందుకే లోర్నాకు సైగలు చిన్నప్పటినుంచీ వచ్చు. సబీన్‌కు రావు.

స్టేజ్ వెనక జూన్ పౌడర్ డబ్బా తెరిచి సబీన్ ఫోన్ పక్కన పెట్టింది. ఫోన్‌లో ఉన్నదంతా లాగి ఆఫీసుకి పంపే డబ్బా అది.

"సింగారం చాల్లే, స్టేజ్ ఎక్కు!" కసిరింది సబీన్.

హాలు కిక్కిరిసింది. లోర్నా రిమోట్ పైకెత్తింది.

"నా వాల్టర్‌ని పొట్టనబెట్టుకున్నవాడెవడో ఇప్పుడు మీరే చూడండి!"

జూన్ చెవిలో మెరిక్ గొంతు: "దొరికింది! రెండు వీడియోలూ సబీన్ తయారుచేయించినవే. వాల్టర్‌దీ, ఇదీ."

జూన్ జనానికి వీపు తిప్పి లోర్నా ఎదుట నిలబడింది. చేతులు గబగబా కదిలాయి. 'వాల్టర్ వీడియో సబీన్ పని. ఇదీ ఆమె పనే. నేను ఏజెంట్‌ని. రుజువు ఆమె ఫోన్‌లోనే దొరికింది.'

లోర్నా బొటనవేలు బటన్ మీద ఆగిపోయింది. ఖాళీ చెయ్యి అడిగింది: 'నిజంగా?'

'నిజంగా.'

లోర్నా రిమోట్ కింద పెట్టింది. మైకులోనే పిలిచింది.

"సబీన్, ఇలా రా అమ్మా."

సబీన్ నవ్వుతూ వచ్చింది. లోర్నా ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ నా ఇంట్లో తిన్నావు. వాల్టర్ శవపేటిక దగ్గర నన్ను పట్టుకుని ఏడ్చావు. ఆ వీడియో ఎవరు చేశారో నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

సబీన్ మొహం పాలిపోయింది. చెయ్యి గుంజుకుంది, రాలేదు. బేడీలు పడేదాకా లోర్నా వదల్లేదు. వదిలాక చూస్తే ఆ మణికట్టు మీద గోళ్ళు దిగిన చోట నెత్తురు.

తర్వాత స్టేజ్ వెనక లోర్నా వేయించిన చేపల ప్లేటు ముందేసుకు కూర్చుంది. జూన్ చేతిలో రెండు ఫోన్లు.

"మేడమ్, దీంట్లో కోల్‌క్విట్, దాంట్లో ఆస్ట్రాండర్. మీ మద్దతు ఎవరికని ఇద్దరూ ఒకటే గొడవ."

"వాల్టర్ పోయినప్పుడు ఇద్దర్లో ఒక్కడైనా ఓ పువ్వు పంపాడా?"

"లేదు మేడమ్."

"అయితే ఇద్దర్నీ హోల్డ్‌లో పెట్టు," అంది లోర్నా నిమ్మకాయ పిండుకుంటూ. "చేప చల్లారిపోతే బాగోదు."