చెవి కలిపేసిన గొంతులు

సువార్త ముందుకు అదే ఫిర్యాదు మళ్లీ వచ్చింది: మెట్లెక్కుతుంటే ఊపిరిపెట్టె ఆగుతోంది. పాతదాంట్లో కలిపేసి మూసింది. తర్వాతిదీ అంతే. ఒకే సంగతి రెండుసార్లు ఉండటం ఊపిరిపెట్టెలకు కోడ్ రాసే ఈ గుంపులో పాపం. జీతం లేని పనికి ఆ మాత్రం మడి ఉంటుంది.

ఆమె నడుముకున్న పెట్టే ఆ కోడ్‌తోనే నడుస్తోంది, రాతిపొడి తిన్న ఊపిరితిత్తుల్లోకి గాలి తోస్తోంది. చట్టాల మండలి తేబోతున్న ముద్ర చట్టం వస్తే కంపెనీ ముద్ర లేని కోడ్ ఒంటిమీద నడవకూడదు. ఆమె పెట్టె ఆగుతుంది. క్వారీల్లో పనిచేసిన వాళ్లందరివీ ఆగుతాయి. అభ్యంతరాలకు ఈ సాయంత్రమే గడువు.

"అక్కా, చెవి లెక్క చెప్పింది," అన్నాడు జిలానీ తెర మీంచి. గుంపు తరఫున అర్జీ చెక్కింది అతనే. కామా పెట్టాలన్నా ఓటింగే జరిగింది.

"ఏమంది?"

"నలభై వేల మందిమి అదే అర్జీ పంపాం. అందిన అభిప్రాయాలు, ఒకటి."

చట్టాల మండలి తరఫున వినే యంత్రం చెవి. ఒకేలా ఉన్న మాటల్ని ఒకటిగా కలిపేస్తుంది. కలవని ప్రతి మాటకూ ఎవరో ఒక సభ్యుడు స్వయంగా బదులివ్వాలి, అందుకే అన్నీ కలిపేసే చెవి అంటే మండలికి ముద్దు. ఆ కలిపే కోడ్ రాసిందీ ఈ గుంపే.

సువార్తకు కోపం రాలేదు. రావాల్సిన చోట ఏదో మొద్దుబారి ఉంది.

"ఒక్క వరుస మారిస్తే సరి. మన కోడే కదా," అన్నాడు జిలానీ.

"మార్చు. రేపు ముద్ర లేని కోడ్‌ను ఎవరైనా మార్చేస్తారని అదే చూపించి చట్టం చేస్తారు."

"మరి చూస్తూ కూర్చుందామా?"

ఆమె ఓటింగ్ పెట్టలేదు. పెట్టెలన్నిటికీ తనే కబురు పంపింది: మా అర్జీ వదిలేయండి. చెవికి మీరే ఫోన్ చేయండి. పెట్టె ఆగితే మీకేమవుతుందో మీ నోటితో చెప్పండి.

"వాళ్లకు సెక్షన్లు తెలీవు అక్కా. తిడతారు."

"తిట్టనీ. నీ అర్జీలో తక్కువైంది అదే."

బహిరంగ లైన్లో మొదటి గొంతు ఒక ముసలమ్మది. "నా పెట్టె ఆపితే మేకల వెంట ఎవడు తిరుగుతాడ్రా? నువ్వొస్తావా?"

దేనితోనూ పోలిక లేదు, అంది చెవి.

తర్వాత బడిలో వంటచేసే ఆవిడ, పొయ్యి పొగ గురించి. పోలిక లేదు. ఆ తర్వాతి మనిషి మాట్లాడలేదు, దగ్గాడంతే. చెవి ఆ దగ్గునూ పాతవాటితో పోల్చి చూసింది. పోలిక లేదు.

గడువు దాటినా లైన్ మూతపడలేదు. చాలాసేపటికి ముసలమ్మకు బదులివ్వడానికి మండలి వైపు నుంచి ఒక మనిషి లైన్లోకి వచ్చి నీళ్లు నమిలాడు. "అమ్మా, మేకలన్నారు... నేను సభ్యుణ్ణి."

"గట్టిగా మాట్లాడు నాయనా," అంది ముసలమ్మ. "వినపడట్లా."